పెన్న ఒడ్డు నుంచి తుంగభద్ర ఒడ్డు దాకా: సీమలో ఐదు రోజులు, వేళకు తిండి

రాయలసీమకు సముద్రం లేదు. పెన్న ఉంది, హంద్రీ ఉంది, తుంగభద్ర ఉంది. ఈ నదుల ఒడ్డు ఊళ్లలో బయట తినాలంటే ఎక్కడ తినాలన్నదానికంటే ముందు ఎప్పుడు తినాలో తెలియాలి. కారం దోసె పొద్దున్నే, సంగటి (రాగిముద్ద) మధ్యాహ్నం, జొన్నరొట్టె పొద్దుగూకాక. వేళ దాటి పోతే అదే అంగట్లో, అదే పేరుతో, వేరే వస్తువు పెడతారు. పదకొండు గంటలకు ఉగ్గాని (బొరుగులకు తాలింపు వేసిన టిఫిను) అడిగితే గిన్నె అడుగున చల్లబడి ముద్దకట్టింది దొరుకుతుంది. అది తిన్నవాళ్లు ఉగ్గాని అంటే ఇంతేనా అనుకుని వెళ్లిపోతారు. ఇంత మంచి తిండికి ఆ మాట రావడం మాకు బాధ. అందుకే ఈ యాత్రను గంటల లెక్కన రాస్తున్నాం.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రావడం మేలు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో సంగటి, మాంసం తిని కోటలు ఎక్కడం ఎవరి వల్లా కాదు. బయల్దేరే వారం కూడా చూసుకోవాలి. ఆదివారం కడపలో ఉండేట్టు పెట్టుకోండి. ఆ రోజు మాంసం అంగళ్లలో తలకాయ, బోటి (పేగులు) తాజాగా ఉంటాయి. సోమవారం, శనివారం చాలా ఇళ్లలో నీసు ముట్టరు, కార్తీకంలో నెలంతా ముట్టరు, కాబట్టి ఆ రోజుల్లో చిన్న హోటళ్లు మాంసం తక్కువ వండుతాయి. మిగిలింది మరునాటికి దాటే ప్రమాదమూ ఉంటుంది. రంజాన్ నెలలోనైతే పాతబస్తీల్లో పగలు అంగళ్లు మూసి, పొద్దుగూకాక తెరుస్తారు. ఆ నెలలో వచ్చేవాళ్లు ఈ లెక్కనంతా సాయంత్రానికి జరుపుకోవాలి.

మొదటి రోజు, ఆదివారం: కడప

చెన్నై నుంచి ముంబై పోయే రైలు దారిలో ఉన్న ఊరు ఇది. తెల్లారకముందే రైలు దిగినా, ముందురోజు రాత్రే చేరినా, 7 గంటలకల్లా గది వదిలి బయటపడాలి. ఏడు రోడ్ల కూడలి, వై.వి. వీధి, కోటిరెడ్డి సర్కిల్ చుట్టుపక్కల సందుల్లోకి పోండి. ఏసీ గదుల హోటళ్లలో కారం దోసె పేరుతో ఇచ్చేది చాలాసార్లు మసాలా దోసెకు ఎర్ర చట్నీ పూసినదే. మనం వెతకాల్సింది వీధిలోంచే పెనం కనబడే అంగడి. పెనం పక్కన రెండు గిన్నెలుండాలి, ఒకదాంట్లో ఎర్రకారం, ఇంకోదాంట్లో పప్పుల పొడి. ఆ రెండూ లేకపోతే ముందుకు నడవండి.

ఎర్రకారం చేసే తీరు తెలిస్తే దోసె మంచిదో కాదో చూడగానే తెలుస్తుంది. పదీ పన్నెండు ఎండుమిరపకాయలకు రెండు ఎర్రగడ్డలు, ఆరేడు తెల్లగడ్డ రెబ్బలు, తగినంత ఉప్పు, గోలీ అంత చింతపండు. (ఉల్లిపాయ ఇక్కడ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ.) మిరపకాయల్ని వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, మిగతావాటితో కలిపి నీళ్లు పోయకుండా రుబ్బుతారు. ఎర్రగడ్డలో ఉన్న తడే చాలు. దీన్ని ఉడికించరు, తాలింపు వేయరు, పచ్చిదే దోసె మీదికి పోతుంది. పచ్చి ఎర్రగడ్డ ముద్ద ఎంతోసేపు ఆగదు. రెండు మూడు గంటలు దాటితే నీరు వదిలి చేదెక్కుతుంది. పొద్దున రుబ్బిన కారం మధ్యాహ్నం దోసెకు పనికిరాకపోవడానికి కారణం అదే. సాయంత్రం తినాలనుకుంటే 5 గంటల తర్వాత, మళ్లీ రుబ్బాకే పోవాలి.

ఇక పెనం దగ్గర నిలబడి చూడండి. పిండి పల్చగా కాగితంలా లాగరు, కొంచెం మందంగానే తిప్పుతారు. పైన చిన్నచిన్న గుంతలు పడి, తడి ఇంకా మెరుస్తుండగా కారం పెట్టి గరిటె వెనక్కి తిప్పి పూస్తారు. అంతకుముందే పూస్తే పిండి చిరిగి కారంతో కలిసిపోతుంది. తడి పూర్తిగా ఆరాక పూస్తే కారం దోసెకు పట్టదు, తెల్లగడ్డ పచ్చివాసన పోదు. పూసినాక పప్పుల పొడి దండిగా చల్లుతారు. వేయించిన శెనగపప్పు ఒక గ్లాసు, ఎండుమిరపకాయలు నాలుగు, తెల్లగడ్డ రెబ్బలు నాలుగు, ఉప్పు కలిపి కొట్టిన పొడి అది. కారం ఘాటును మెత్తబరిచేది ఈ పొడే, పైనుంచి పడే నెయ్యి రెండింటినీ కలుపుతుంది. దోసెను తిరగేయరు. ఒకే వైపు కాలి, అడుగు ఎర్రగా కరకరలాడాలి, లోపల మెత్తగా ఉండాలి.

కారం తట్టుకోలేమనుకుంటే దోసె పోసే ముందే "అన్నా, కారం తక్కువేయన్నా" అని చెప్పాలి. పూసినాక చెప్తే చేసేదేం లేదు. పక్కనిచ్చే శెనక్కాయల చట్నీ కారంగా ఉండదు, దోసె ఘాటుకు అదే విరుగుడు. ఉర్లగడ్డ (బంగాళాదుంప) కూర కావాలా అని అడుగుతారు. మొదటి దోసె కూర లేకుండా తినండి, కారం రుచి తెలుస్తుంది.

తిన్నాక దేవుని కడప పోవచ్చు. ఊళ్లోనే ఉంది. లక్ష్మీ వేంకటేశ్వరస్వామిని ఉగాది రోజున ముస్లింలూ వచ్చి దర్శనం చేసుకునే గుడి ఇది. కడప తిండి మర్మమూ ఇదే. ఊళ్లో సంగటి, ముస్లింల ఇళ్ల పప్పుచారు దాల్చా పక్కపక్క వీధుల్లో ఉడుకుతాయి.

సంగటి వేళ 12:30 నుంచి 2 దాకా. "సంగటి, నాటుకోడి" అని బోర్డు ప్రతి రోడ్డు మీదా కనబడుతుంది, బోర్డు చూసి నమ్మడానికి లేదు. కూర్చునే ముందు ఒక్కటే అడగండి: "సంగటి ఇప్పుడు కెలికిందేనా?" గంట దాటిన ముద్ద పైన పొర కడుతుంది, లోపల గట్టిపడుతుంది. వేడి ముద్దను తడి వేలితో తాకితే అంటుకోదు, నొక్కితే మెత్తగా దిగుతుంది.

ఇంట్లో చేసుకునేవాళ్ల కోసం కొలత చెప్తాం. ఒక గ్లాసు బియ్యం గానీ నూకలు గానీ అరగంట నానబెట్టి, ఐదు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించాలి. ఉప్పు వేసి, నీళ్లు ఇంకా పైన తేలుతుండగానే గ్లాసున్నర రాగిపిండిని మధ్యలో కుప్పగా పోయాలి. అప్పుడే కలపకూడదు. మంట తగ్గించి, మూతపెట్టి, ఎనిమిది పది నిమిషాలు వదలాలి. ఆవిరి కుప్ప లోపలికి పోయి పిండి ఉడుకుతుంది. ఆ తర్వాత గిన్నెను కాళ్ల మధ్య బిగించి, సంగటి కట్టెతో అడుగు నుంచి పైకి కెలకాలి. ఓపిక లేక ముందే కలిపితే పైపిండి ఉడికి లోపల పచ్చిగా ఉండలు కడతాయి. ఒకసారి కట్టిన ఉండ ఎంత కెలికినా విడదు.

ముద్ద మధ్యలో బొటనవేలితో గుంత చేసి నెయ్యి పోసుకోవాలి, చుట్టూ పులుసు. చిన్న తునక తుంచి పులుసులో అద్ది మింగాలి, సంగటిని నమలరు. నమిలితే పళ్లకు అంటుకుని రుచి పోతుంది. కొత్తగా తినేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే తప్పు చేసి బాగాలేదంటారు.

నాటుకోడి నాటుదేనా అన్నది ఎముక చెప్తుంది. నాటుకోడి ఎముక గట్టిగా, ముదురు రంగులో ఉంటుంది, మాంసం ఎముకను పట్టుకుని ఉంటుంది, నమలాలి. ముక్క వేలితో తాకగానే ఊడిపోతే, ఎముక పంటి కింద తేలిగ్గా చితికిపోతే అది ఫారం కోడి. నాటుకోడి మాంసం ఉడకడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఆర్డరు ఇచ్చిన పావుగంటలో "ఇప్పుడే వండాం" అంటే నమ్మొద్దు, పొద్దున వండి పెట్టిందని తెలుసుకుని తినండి. దానివల్ల చెడేదేం లేదు, పులుసు నిలిచేకొద్దీ బాగుంటుంది కూడా. బోటి మాత్రం నమ్మకమున్న చోటే తినాలి. పేగులను వేడినీళ్లు, సున్నంతో రెండు మూడుసార్లు కడిగి గీరకపోతే మసాలా ఎంత వేసినా వాసన కొడుతుంది. గిన్నె దగ్గరికి వచ్చినప్పుడే ఆ వాసన తెలిసిపోతుంది.

సాయంత్రం పెద్ద దర్గా వైపు పోండి. కుష్కా, దాల్చా ఆ చుట్టుపక్కల తినాలి. కుష్కా అంటే ముక్కలు లేని బిర్యానీ అన్నం. దాల్చా అంటే పప్పులో సొరకాయ, మాంసం ఎముకలు వేసి చింతపండు పులుపుతో కాచిన చారు. ఖర్చు తక్కువ, రుచి ఎక్కువ. చాలామంది బిర్యానీ మీద ధ్యాసతో దీన్ని దాటిపోతారు, అది నష్టం. దాల్చాను అన్నం మీద ఒకేసారి పోసుకోకుండా గిన్నెలో పెట్టుకుని కొంచెం కొంచెం కలుపుకోవాలి, లేకపోతే కుష్కా నానిపోతుంది. తిన్నాక తమలపాకు వేసుకునే అలవాటున్నవాళ్లు చెన్నూరు ఆకు అడగండి. కడపకు ఆనుకునే ఉన్న ఊరు, ఆకుతోటలకు పేరు.

రెండో రోజు, సోమవారం: ప్రొద్దుటూరు, గండికోట

ఈ రోజు శాకాహారమే. కడప నుంచి ప్రొద్దుటూరు 50 కిలోమీటర్ల పైచిలుకు. ఆర్టీసీ బస్సులు వెంటవెంటనే ఉంటాయి, గంటన్నర పడుతుంది. బంగారం అంగళ్ల ఊరు, వైశ్యుల వ్యాపారం పెద్దది, అందుకే శాకాహార భోజనం ఇక్కడ గట్టిగా ఉంటుంది. కన్యకాపరమేశ్వరి గుడి చుట్టుపక్కల వీధుల్లో 12 గంటలకే విస్తరి పడే హోటలు చూసుకోండి. పప్పు, పొడి, ఊరగాయ, నెయ్యి ఈ నాలుగూ సరిగ్గా ఉంటే మిగతావి పట్టించుకోనక్కర్లేదు. పుంటికూర పప్పు ఉందా అని అడగండి. గోంగూరనే ఇక్కడ పుంటికూర అంటారు.

గండికోటకు బయల్దేరే ముందు తినేవి కొనుక్కోవాలి. కోట దగ్గర తిండి దొరికే చోట్లు చాలా తక్కువ. అక్కడ టూరిజం శాఖ హరిత హోటల్లో దిగేవాళ్లు చేరిన వెంటనే రాత్రి భోజనానికి చెప్పేయాలి, ఆలస్యమైతే ఉన్నదే తినాలి. ప్రొద్దుటూరులో బొరుగులు (మరమరాల్లాంటివి), వేయించిన శెనక్కాయలు, కారపు చిరుతిళ్లు, అరటిపళ్లు సంచిలో వేసుకోండి. ఇక్కడి నుంచి జమ్మలమడుగు 20 కిలోమీటర్లు, అక్కడి నుంచి కోట ఇంకో 15. మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. బొరుగుల్లో ఎర్రగడ్డ, టమాటా, కారం, నిమ్మరసం కలుపుకుని తింటారు. కలిపిన ఐదు నిమిషాల్లో తినేయాలి, లేకపోతే మెత్తబడతాయి. కాబట్టి ఎర్రగడ్డ, నిమ్మకాయ వేరుగా పట్టుకుపోయి పెన్న లోయ అంచున కూర్చున్నప్పుడు కలుపుకోండి. కోతులుంటాయి, సంచి ఒడిలోనే పెట్టుకోవాలి.

కోటలో మాధవరాయ గుడి, జామియా మసీదుతో పాటు ధాన్యాగారం తప్పక చూడండి. ముట్టడి వచ్చినా లోపలివాళ్లు తిని బతకడానికి గింజ దాచిన కట్టడం. సీమలో తిండి గురించి తెలుసుకోవాలని వచ్చినవాళ్లు ఆ గోడల మధ్య కాసేపు నిలబడాలి. వాన నమ్మకం లేని నేల ఇది. రాగి, జొన్న, కొర్ర ఇక్కడి తిండి కావడానికి కారణం తక్కువ నీటితో పండడం, ఏళ్లు నిలవ ఉండడం.

మూడో రోజు, మంగళవారం: తాడిపత్రి, అనంతపురం

కోట నుంచి 6 గంటలకే బయల్దేరండి. తాడిపత్రికి గంటన్నర దాకా పడుతుంది, ఉగ్గాని వేళ 9 తో అయిపోతుంది.

ఉగ్గాని బజ్జీ అనంతపురం, కర్నూలు, బళ్లారి వైపు పొద్దుటి టిఫిను. బొరుగుల్ని నీళ్లలో వేసి, నీళ్లు పిండేసి, తాలింపు వేయడమే. చెప్పడానికి ఇంతే, చెడిపోవడానికి మాత్రం నాలుగు దారులు. మొదటిది బొరుగులే. భేల్‌పూరీలో వాడే పల్చటి మరమరాలు నీళ్లు తగలగానే కరిగి పిండైపోతాయి. ఇక్కడి బొరుగులు మందంగా, కొంచెం ఉప్పగా ఉంటాయి, నానినా గింజ ఆకారం పోదు. రెండోది నానబెట్టే సేపు. నీళ్లలో వేసి చేత్తో ఒకసారి ముంచి, నిమిషంలోపే దోసిళ్లతో తీసి గట్టిగా పిండాలి. పిండినాక బొరుగు స్పాంజిలా మళ్లీ విచ్చుకోవాలి. విచ్చుకోకుండా ముద్దలా అంటుకుంటే ఎక్కువ నానిందన్నమాట. మూడోది తడి. సరిగ్గా పిండకపోతే బాణలిలో ఆవిరి పట్టి అంతా ముద్దవుతుంది. నాలుగోది పొడి వేసే సమయం. వేయించిన పప్పులు, ఎండుకొబ్బరి, తెల్లగడ్డ కలిపి కొట్టిన పొడిని పొయ్యి ఆపినాకే కలపాలి. మంట మీద వేస్తే మిగిలిన తడి పీల్చుకుని గడ్డలు కడుతుంది.

నలుగురికి పది గ్లాసుల బొరుగులు కావాలి, పిండినాక సగానికి సగం తగ్గుతాయి. నూనెలో ఆవాలు, శెనగపప్పు, కరివేపాకు, రెండు ఎర్రగడ్డలు, దంచిన పచ్చిమిర్చి ఆరు, పసుపు. బొరుగులు వేసి రెండు నిమిషాలు తిప్పి దించి, పొడి, నిమ్మరసం. పసుపు రంగు సమంగా ఉండాలి. తెల్లబొరుగులు అక్కడక్కడా కనబడితే తాలింపు సరిగ్గా పట్టలేదు.

బజ్జీ లేకుండా ఉగ్గాని తినడం సగం భోజనం చేయడమే. పొడుగాటి లేతరంగు మిరపకాయను నిలువునా చీల్చి, గింజలు తీసి, వాము, ఉప్పు, చింతపండు ముద్ద పూసి, శెనగపిండిలో ముంచి వేస్తారు. మిరపకాయ పట్టుకుని ఉగ్గానిని చెంచాలా ఎత్తి తినేవాళ్లుంటారు, అదే మంచి పద్ధతి. బాణలిలోంచి తీసింది తీసినట్టు అడగండి. పళ్లెంలో పేర్చిన బజ్జీ పావుగంటలో పొర మెత్తబడుతుంది.

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి పెన్న ఒడ్డునే ఉంది. చింతల వేంకటరమణస్వామి గుడిలో రాతిరథం ఉంది. రెండూ చూసి 11 గంటల బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అనంతపురం చేరతారు.

అనంతపురంలో మధ్యాహ్నం మెస్సులో తినండి. జేఎన్‌టీయూ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. పిల్లలు, ఉద్యోగులు నెలవారీగా తినే మెస్సులు చాలా ఉన్నాయి. రోజూ తినేవాళ్లు వచ్చే చోట వంట చెడితే మరునాడే తెలిసిపోతుంది, కాబట్టి జాగ్రత్తగా వండుతారు. చెనిగ్గింజల ఊరుబిండి ఉంటే రెండోసారి అడిగి వేయించుకోండి. వేయించిన వేరుశెనగ, పచ్చిమిర్చి, చింతపండు, ఎర్రగడ్డ రోట్లో కచ్చాపచ్చాగా దంచిన పచ్చడి అది. మిక్సీలో వేస్తే మెత్తటి చట్నీ అయిపోతుంది. పంటి కింద గింజ పలుకు తగలాలి, అప్పుడే ఊరుబిండి. వేరుశెనగ పండే జిల్లాలో ఆ గింజ రుచి వేరు.

4 గంటలకు ఓళిగలు. బొబ్బట్టునే ఇక్కడ ఓళిగ అంటారు, ఇంకా పల్చగా, అరచేతికి రెండింతలు వెడల్పుగా చేస్తారు. పాతూరు, సుభాష్ రోడ్డు వైపు పెనం మీద కాల్చి అమ్మే అంగళ్లున్నాయి. పైపిండిని మెత్తగా కలిపి, నూనెలో మునిగేట్టు రెండు గంటలు నానబెడితేనే పూర్ణం మీద చిరగకుండా సాగుతుంది. మంచి ఓళిగను వెలుతురుకు పట్టుకుంటే లోపలి పూర్ణం అంచుదాకా సమానంగా కనబడుతుంది. అంచుల్లో ఉత్త పిండి ఉంటే చేసినవాళ్లు తొందరపడ్డట్టు. పప్పు ఓళిగ వేడిగా, నెయ్యితో అక్కడే తినాలి. దారికి కావాలంటే కొబ్బరి ఓళిగ కట్టించుకోండి, కొబ్బరి పూర్ణంలో తడి తక్కువ కాబట్టి అది ఇంకో రోజు ఎక్కువ నిలుస్తుంది. వేడిమీద పొట్లం కట్టనివ్వకండి, ఆవిరి నీరై బూజు పడుతుంది.

రొట్టె వేళ 7 నుంచి 9. చీకటి పడ్డాక వీధుల పక్కన కట్టెల పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు తట్టే ఆడవాళ్లు కనబడతారు. ఈ ఊళ్లో మీరు గడిపే గంటల్లో అన్నిటికన్నా విలువైనది ఆ పొయ్యి దగ్గర నిలబడే గంటే అని మా నమ్మకం. జొన్నపిండిలో గోధుమపిండికున్న జిగురు ఉండదు. మరిగే నీళ్లు పోసి కలిపితేనే కొంత పట్టు వస్తుంది. ఆ పిండిని అరచేతి కింది భాగంతో తోస్తూ, లాగుతూ, పగుళ్లు పోయేదాకా మర్దిస్తారు. ముద్దను పలక మీద పెట్టి, పొడిపిండి చల్లి, ఒక చేత్తో తడుతూ ఇంకో చేత్తో తిప్పుతుంటే అది దానంతట అదే గుండ్రంగా పెరుగుతుంది. పెనం మీద వేసినాక పైనున్న పొడిపిండిని తడిగుడ్డతో తుడవడం ముఖ్యం. తుడవకపోతే ఆ పిండి మాడి చేదు వస్తుంది. తడి ఆరాక తిప్పుతారు. చివరికి పెనం తీసి నిప్పుల పక్కన నిలబెడితే రొట్టె పూరీలా ఉబ్బుతుంది. ఉబ్బకపోతే ఎక్కడో చిరిగి ఆవిరి పోయినట్టు. నెలలు నిలవున్న పిండి అయితే ఎంత మర్దించినా అంచులు పగులుతాయి, రుచిలో చేదు తగులుతుంది.

"అక్కా, మెత్తగా ఒకటి, గట్టిగా ఒకటి" అని చెప్పొచ్చు. మెత్తటిది వేడిగా గుత్తివంకాయతో, గట్టిగా కాల్చింది శెనక్కాయల పొడి, పెరుగుతో. గట్టి రొట్టెలు పదిరోజులు చెడవు, దారికి నాలుగు కట్టించుకోండి. చిల్లర మాత్రం దగ్గర పెట్టుకోవాలి, పిండి చేతులతో ఆమె డబ్బు లెక్కపెట్టడం, ఫోను చూడడం కష్టం.

నాలుగో రోజు, బుధవారం: గుత్తి మీదుగా కర్నూలు

అనంతపురం నుంచి కర్నూలుకు 44వ జాతీయ రహదారి మీద మూడు గంటలు. గుత్తి కోట చూడాలనుకుంటే పొద్దున్నే చేరి 10 లోపు దిగిపోవాలి, ఎక్కుడు కష్టం, నీడ తక్కువ. హైవే మీది ధాబాల్లో ఆగాల్సిన పనిలేదు. నిన్నటి గట్టిరొట్టె, పొడి సంచిలో ఉన్నాయి కదా.

కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. కొండారెడ్డి బురుజు నుంచి పాతబస్తీలోకి నడిస్తే నవాబుల కాలం వంట ఇంకా వీధుల్లో ఉంది. మధ్యాహ్నం బిర్యానీ ఇక్కడ తినండి, 12:30 కి గిన్నె మూత తీసే సమయానికి. అన్నం కర్నూలు సోనా అయితే గింజ సన్నగా, తేలిగ్గా ఉంటుంది, బాస్మతి కోసం పట్టుబట్టకండి.

సాయంత్రం సుంకేసుల. ఊరికి పాతిక కిలోమీటర్ల పైన, తుంగభద్ర మీద బ్యారేజీ, కె.సి. (కర్నూలు-కడప) కాలువ మొదలయ్యే చోటు. నీళ్లున్న నెలల్లో అక్కడ ఏటి చేప వేయించి పెడతారు. సముద్రం చేప తిన్న నోటికి ఇది వేరుగా ఉంటుంది. ఉప్పదనం ఉండదు, మాంసం తీపిగా ఉంటుంది, ముళ్లు మాత్రం ఎక్కువ. ముందు పచ్చి చేప చూపించమనండి. కన్ను ఉబ్బి, నిగనిగలాడాలి, చెవి (మొప్ప) ఎత్తి చూస్తే లోపల ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే పడిన గుంత వెంటనే పూడాలి. బురదవాసన ఉన్న చేపను ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచి కడిగితేనే ఆ వాసన పోతుంది. తొందరపెడితే ఆ అరగంటే ఎగిరిపోతుంది, కాబట్టి చేప ఎంచుకుని, చెప్పి, బ్యారేజీ మీద తిరిగి రండి. నూనె నల్లగా ఉంటే ఆ అంగట్లో తినొద్దు. పిల్లలకు వీపు ముక్క ఇవ్వకండి, రెండుగా చీలిన సన్నటి ముళ్లు అందులోనే ఉంటాయి. పొట్ట ముక్కలో పెద్ద ముళ్లే ఉంటాయి, తీయడం సులభం. చీకటి పడకముందే తిరుగు దారి పట్టండి, ఆటో తీసుకుపోయినవాళ్లు దాన్ని అక్కడే ఆపి ఉంచుకోవాలి.

ఐదో రోజు, గురువారం: కర్నూలు పొద్దుట

పాతబస్తీలో పాయా 6 నుంచి 8 దాకా. మేక కాళ్లను రాత్రంతా సన్నమంట మీద ఉడికించిన చారు అది, తెల్లారేసరికి పెదవులు అతుక్కునేంత జిగురు దిగుతుంది. ఆ జిగురు లేకపోతే నీళ్లు కలిపారనే లెక్క. వేడిగానే తాగాలి, చల్లారితే పైన కొవ్వు గడ్డకడుతుంది.

నీసు తిననివాళ్లకు గుంత పొంగనాలు. ఒకరోజు పులిసిన దోసె పిండి, ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, నానిన శెనగపప్పు. ఏడు గుంతల పెనంలో గుంతకు అర చెంచా నూనె, ముప్పాతిక దాకా పిండి, మూత. నిండుగా పోస్తే పొంగి పక్కదాంతో అంటుకుంటాయి. పుల్లతో తిప్పినప్పుడు గుంతకు అంటకుండా వస్తే పెనం బాగా పదునెక్కినట్టు. ఎర్రకారంతో తినండి, కడపలో తిన్న కారానికీ దీనికీ తేడా మీకే తెలుస్తుంది. ఇక్కడ తెల్లగడ్డ ఎక్కువ వేస్తారు.

మే, జూన్ నెలల్లో వచ్చినవాళ్లు మార్కెట్లో బేనీషా పళ్లు చూడకుండా పోకండి. ఆ మామిడికి పేరిచ్చిన బనగానపల్లె ఇక్కడికి దగ్గరే.

బస్సెక్కే ముందు నన్నారి షర్బత్. నల్లమలలో దొరికే సుగంధి వేరుతో కాచిన పాకం రెండు మూడు చెంచాలు, అర నిమ్మచెక్క, పావుగంట నానిన సబ్జా గింజలు, చల్లటి సోడా. సోడాను ఆఖరున, గ్లాసు వంచి పోయాలి, లేకపోతే పొంగి సగం బయటికి పోతుంది. అసలు పాకం గోధుమరంగులో, వెలుతురుకు పట్టుకుంటే తేటగా ఉంటుంది, వేరు వాసన మట్టి తడిసినట్టుంటుంది. చిక్కటి ఎర్రరంగులో, మిఠాయి వాసన వేస్తే అది రంగు, ఎసెన్సు. సీసా కొనేటప్పుడు మూత తీయించి వాసన చూసి తీసుకోండి. బస్సు కుదుపులకు పాకం మూత దగ్గర కారుతుంది. సీసా మెడకు తడిగుడ్డ చుట్టి, రెండు కవర్లలో పెట్టి, సంచిలో నిలబెట్టి, పక్కన గట్టిరొట్టెలు సర్దితే కదలకుండా ఇంటికి చేరుతుంది.